ఒకే పుస్తకం, ఒకే బెంచీ

మా చెల్లెలు నాకన్నా ఏడాదిన్నర చిన్నది. అయినా ఇద్దరం పదో తరగతి పరీక్షలు ఒకే ఏడు రాశాం. ఈ సంగతి విన్నవాళ్లు ముందు నా మొహంలోకి ఒకసారి చూస్తారు. "నువ్వు తప్పావా?" అని అడగడానికి మొహమాటపడి "ఓహో" అని ఊరుకుంటారు. నేను ఏ క్లాసూ తప్పలేదు. అదే ఒక క్లాసు ఎగిరొచ్చి నా పక్కన పడింది. ఇది ముందే చెప్పేస్తే నా ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఇప్పుడది లెక్కల టీచరు. బడిలో అందరికీ మేడం కావచ్చు, నాకు మాత్రం అది అదే. నాది బట్టలు శుభ్రం చేసి ఇస్త్రీ చేసి ఇచ్చే షాపు. బడి నుంచి దాని ఇంటికి వెళ్లే దారిలోనే ఉంది. సాయంత్రం బడి వదలగానే వచ్చి, ఇస్త్రీ బల్ల పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని, హ్యాంగర్లకు వేలాడే కోట్ల కింద తల వంచుకుని పిల్లల పేపర్లు దిద్దుకుంటుంది. "నీ షాపులో వెచ్చగా ఉంటుందక్కా" అంటుంది. ఇంట్లో మా మరిది టీవీ సౌండు చెవులు చిల్లులు పడేలా పెడతాడన్నది అసలు కారణం.

దాని గురించి చెప్పాలంటే ఆ ఎగరడం దగ్గరే మొదలుపెట్టాలి.

మా నాన్న బస్సు కండక్టరు. నేను ఆరో క్లాసులో, చెల్లెలు ఐదులో ఉన్న ఏడు, హెడ్మాస్టరు ఆయన్ని పిలిపించాడు. ఐదో క్లాసు పిల్ల ఆరో క్లాసు లెక్కలు చకచకా చేసేస్తోందట. డబుల్ ప్రమోషన్ ఇచ్చి ఏకంగా ఏడులో కూర్చోబెడతామన్నాడు. అది చేస్తున్న ఆరో క్లాసు లెక్కలు నా పుస్తకంలోవి. నేను అన్నం తింటుండగా నా సంచీలోంచి తీసి చేసేది. ఆ మాట హెడ్మాస్టరుకు ఎవరూ చెప్పలేదు.

నాన్నకు ఈ ప్రమోషన్ల వ్యవహారం సగమే తలకెక్కింది గాని ఒక సంగతి మాత్రం టక్కున తట్టింది. ఇద్దరూ ఒకే క్లాసయితే ఒక్క సెట్టు పుస్తకాలు చాలు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చిన తీరు చూసి మాకేదో లాటరీ తగిలిందనుకున్నాను. "ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోండి. పుస్తకం మధ్యలో పెట్టుకోండి. గొడవే లేదు" అన్నాడు. నిజంగా ఆయనకు అందులో గొడవేమీ కనపడలేదు. టికెట్టు కొట్టే మనిషికి, ఒకే సీటులో ఇద్దరు సర్దుకుని కూర్చోవడం రోజూ చూసే విషయమే.

ఆ సెలవుల్లో దానికి ఆరో క్లాసు పాఠాలు చెప్పే పని నా నెత్తిన పడింది. చదవకుండా దాటేసిన క్లాసు కదా, కనీసం వినైనా ఉండాలని అమ్మ పట్టుబట్టింది. వంటింటి గుమ్మంలో కూర్చుని చెప్పేదాన్ని. అది బాగానే వినేది. ఒక్క భిన్నాల భాగహారం దగ్గర మాత్రం ఆగింది.

"అరను పావుతో భాగించాలంటే పావుని తిరగేసి గుణించు" అన్నాను.

"ఎందుకు తిరగెయ్యాలి?"

"మా సారు అలాగే చెప్పారు."

"ఆయన ఎందుకు తిరగేశాడు?"

"నువ్వు తిరగేస్తావా, నేను లేచి పోనా?" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. అది తిరగేసి గుణించింది. రెండు వచ్చింది. సరిపోయింది కదా అని ఇద్దరం ముందుకు పోయాం.

బడి తెరిచాక ఏడో క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. పుస్తకం మధ్యలో ఉండేది. దానికి కంటి చూపు ఎంత వేగమంటే, నేను పేజీలో సగానికి వచ్చేసరికి అది తిప్పేసేది. కావాలని కాదు. దానికి అయిపోయేది, తిప్పేది. నాకు కాలేదని అది అనుకోలేదు. కాలేదని నేనూ చెప్పలేదు. అక్కనయ్యుండి "ఆగవే" అని చెల్లెల్ని బతిమాలతానా? ఒక్కసారి "అయిందా అక్కా?" అని అది అడిగితే చాలు, కాలేదని చెబుదామనుకునేదాన్ని. అది అడగలేదు. అలా ఏడో క్లాసు, ఎనిమిదో క్లాసు అన్ని పేజీలూ నేను సగం సగమే చదివాను.

దీనికి తోడు లెక్కల సారొకడు. నన్ను లేపి అడిగేవాడు. నేను ఆలోచించుకుంటూ ఉండగానే "రాలేదా? కూర్చో. మీ చెల్లి చెబుతుంది" అనేవాడు. అది చెప్పేసేది. పిల్లలు దానికి గబగబ అని పేరు పెట్టారు. దాంతోపాటు నా పేరు కూడా పోయింది. నేను గబగబ వాళ్ళక్కనయ్యాను. పదో తరగతి అవగానే లెక్కలు లేని చదువేదో చూసుకుని అందులో చేరాను. ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. ఒక ఇంట్లో ఒకరికి లెక్కలు వస్తే చాలని అనుకున్నారేమో. నాకు మాత్రం చాలా బాధ వేసింది.

అది మటుకు చదువుకుంటూ పోయి, టీచరు ఉద్యోగంలో చేరింది. పెద్ద క్లాసులు ఇస్తామన్నా ఒప్పుకోక, ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకే చెబుతానంది. చేరిన కొత్తల్లో ఒక పిల్లాడు భిన్నాల దగ్గర లేచి, "ఎందుకు తిరగెయ్యాలి టీచర్?" అని అడిగాడట. అది చేతిలో చాక్‌పీసుతో అలాగే నిలబడిపోయి, రేపు చెబుతానంది. ఆ సాయంత్రం నా షాపుకొచ్చి, బట్టలకు అతికించే చీటీల చుట్ట లాగి ఒక ముక్క చింపింది. దాన్ని సగానికి మడిచి చింపింది, ఒక సగాన్ని మళ్లీ మడిచి చింపింది. అరముక్క మీద పావుముక్కలు పేర్చి చాలాసేపు చూసింది.

"అరలో పావులు ఎన్ని ఉన్నాయని అడుగుతున్నారంతే అక్కా. ఒకటిలో నాలుగు పావులు. మరి అరలో రెండు. ఆ నాలుగుతో గుణించడమే తిరగెయ్యడం. ఇంత చిన్న విషయం! ఆరో క్లాసు నేను చదివుంటే ఎవరో ఒకరు చెప్పుండేవాళ్లు."

"నేనే చెప్పాను నీకు ఆరో క్లాసు" అన్నాను ఉక్రోషంగా.

"అదే అంటున్నా" అని నవ్వింది. ఆ రోజు దానికి టీ ఇవ్వలేదు.

అప్పట్నుంచి పిల్లల్ని పై క్లాసుకు దూకించడమంటే దానికి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే పని అయింది. ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో పిల్లలు అలాంటివాళ్లు ఉంటారు. పాఠం సగంలో ఉండగానే వాళ్లకు అయిపోతుంది, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. వాళ్లను అలా వదిలేస్తే కుళ్లిపోతారని అది నమ్ముతుంది. అలాగని ఒకే మందు అందరికీ పొయ్యదు. కొందరికి అదే క్లాసులో ఉంచి, అదే పాఠం మీద గట్టి లెక్కలిస్తుంది. కొందరికి రెండేళ్ల పాఠాలు ఒక ఏడాదిలో కుదించి చెబుతుంది, అయితే ఏదీ వదలకుండా. లెక్కల గంటకు మాత్రం పై క్లాసుకు వెళ్లి, మిగతా గంటలు తన ఈడు పిల్లలతో కూర్చునేవాళ్లు కొందరు. మా నాన్నకు దొరికిన లాటరీ లాంటి పూర్తి డబుల్ ప్రమోషన్ మాత్రం ఇంతవరకు ఎవరికీ ఇప్పించలేదు. పంపేముందు ఏడాది మొత్తం పాఠాల మీద పరీక్ష పెడుతుంది. మార్కులు చూసి ఊరుకోదు, తప్పిన చోట కూర్చోబెట్టి మాట్లాడుతుంది. పంపాక కూడా తిరిగొచ్చే దారి తెరిచే ఉంచుతుంది. ఒకడు పై క్లాసుకు వెళ్లి నెల తిరక్కుండానే ఏడుపు మొహంతో వచ్చేస్తే, "వచ్చావా, రా, నీ చోటు ఖాళీగానే ఉంది" అంది, అంతే. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు.

ఇంత తెలిసిన మనిషి, మొన్నామధ్య ఒక పిల్ల విషయంలో చేతులెత్తేసింది.

ఏడో క్లాసులో పిచ్చుక అని ఒక పిల్ల. జవాబు తెలిస్తే చాలు సీట్లో ఎగిరెగిరి పడుతుందని పిల్లలు పెట్టిన పేరు. ఏడో క్లాసు పరీక్షంతా రాయించింది మా చెల్లెలు. పిల్ల ఎక్కడా తొణకలేదు, అడిగినవాటికి ఎందుకో కూడా చెప్పింది. లెక్కల గంటకు ఎనిమిదిలో కూర్చోబెట్టడమే సరైన పని. ఎనిమిదో క్లాసుకు రెండు సెక్షన్లు. అందులో ఎనిమిది ఎ కి, ఏడో క్లాసుకి లెక్కలు ఒకే గంటలో వస్తాయి. కాబట్టి వెళ్తే ఎ లోకే వెళ్లాలి. హెడ్మిస్ట్రెస్ సరేనంది. పిచ్చుక తండ్రి లిఫ్టు మెకానిక్కు. ఆయన అయితే పూర్తి డబుల్ ప్రమోషనే కావాలని కూర్చున్నాడు.

"ఎనిమిదో అంతస్తుకు వెళ్లే లిఫ్టుని ఏడులో ఎందుకాపుతారు మేడం?" అన్నాడట.

"మధ్యలో ఎక్కేవాళ్లుంటారు కదండీ" అందట మా చెల్లెలు. చివరికి లెక్కల గంట వరకు ఒప్పుకున్నాడు.

అన్నీ కుదిరాయి. అప్పుడు తెలిసింది, ఎనిమిది ఎ లో ఆ పిచ్చుక అక్క ఉందని.

ఆ సాయంత్రం చెల్లెలు షాపుకొచ్చింది గాని పేపర్లు బయటికి తియ్యలేదు. నేను ఎవరిదో కోటు మడతలు తీస్తున్నాను. చాలాసేపు నా చెయ్యి ఆడే వైపే చూసి, "అక్కా, ఒకటడుగుతా. నేను నీ క్లాసులోకి వచ్చినప్పుడు నీకెలా అనిపించింది?" అంది.

ఇన్నేళ్ల తర్వాత! పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, అమ్మానాన్నలు పోయారు. ఇప్పుడా అడగడం?

"పండగలా ఉండింది" అన్నాను.

"నిజం చెప్పు."

"నిజం కావాలంటే అప్పుడే అడగాల్సింది."

"అప్పుడు నాకు పదేళ్లక్కా."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి చెప్పాను. సారు సంగతి చెప్పాను, పేరు పోయిన సంగతి చెప్పాను. ఆ రెండూ దానికి కొంత తెలుసు. పేజీ సంగతి చెప్పేసరికి దాని మొహం మారిపోయింది.

"నువ్వూ చదివేశావనుకున్నా" అంది మెల్లగా. "చెప్పొచ్చుగా?"

"నువ్వు చూడొచ్చుగా?"

కోటు తీసుకెళ్లడానికి మనిషి వచ్చాడు, ఇచ్చి పంపాను. అది కళ్లు తుడుచుకుని, "ఆ పిచ్చుక అక్కని నువ్వడుగు. నేనడిగితే టీచరు కదా, నిజం చెప్పదు" అంది.

మర్నాడు ఎలాగూ ఆ బడికి వెళ్లే పని ఉంది. వాళ్ల హాలు స్టేజీ తెరలు మా షాపులోనే శుభ్రం చేశాం. వాటిని అప్పగించి, బడి వదిలాక చెల్లెలి గదికి వెళ్లాను. పిచ్చుక అక్క చివరి బెంచీలో కూర్చుని ఉంది. పొడుగు పిల్ల, మోకాళ్లు బెంచీకి తగులుతున్నాయి. సంచీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. చెల్లెలు నన్ను మా అక్క అని చెప్పి, బోర్డు తుడుస్తూ అటు తిరిగి నిలబడింది.

"మీ చెల్లి లెక్కలకు మీ క్లాసుకొస్తే నీకెలా ఉంటుందమ్మా?" అన్నాను.

"పర్లేదండీ. రానివ్వండి."

ఆ పర్లేదు నాకు బాగా తెలుసు. బెంచీ మీద పక్కకు జరిగినప్పుడు నేనన్నదీ అదే. అందుకని ఇంకోలా అడిగాను.

"ఎక్కడ కూర్చోబెట్టమంటావు దాన్ని?"

"నా వెనక." ఆలోచించింది. "వద్దు, వెనకుంటే దానికి నా పేపర్ కనిపిస్తుంది. ముందు. ముందైతే అది చెయ్యెత్తడం నాకు కనిపిస్తుంది, అదీ వద్దు." సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది. "అసలు ఇంకో గది ఉండదాండీ?"

"రాకుండా ఆపెయ్యమంటావా మరి?"

"వద్దండీ!" అంది గబుక్కున. "ఆపొద్దు. ఆ క్లాసులో దానికేం తోచట్లేదు, ఇంట్లో మా అందరి తల తింటోంది. నా లెక్కల పుస్తకం ఎప్పుడూ దాని దగ్గరే ఉంటోంది. నేను హోంవర్క్ చేసుకుందామంటే దొరకదు. ఇద్దరికీ ఒక్క పుస్తకం సరిపోతోందని మా నాన్న అందరికీ చెప్పుకుంటున్నారు."

బోర్డు తుడుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"నీకు లెక్కలంటే ఇష్టమేనా?" అన్నాను.

"ఇష్టమేనండీ. నెమ్మదిగా చేస్తాను. కాసేపు చూస్తే వస్తాయి."

నాకూ వచ్చేవి. కాసేపు చూస్తే నాకూ వచ్చేవి. "సరేనమ్మా, నువ్విక వెళ్లు" అన్నాను.

ఆ పిల్ల వెళ్లాక మా చెల్లెలు నేరుగా డ్రిల్లు మాస్టారు దగ్గరికి పోయింది. బడి టైంటేబుల్ వేసేది ఆయనే. ఆయన గదిలో గోడకు పెద్ద అట్ట, దాని మీద రంగురంగుల చీటీలు గుండుసూదులతో గుచ్చి ఉంటాయి. ఎనిమిది ఎ, ఎనిమిది బి లెక్కల గంటలు తారుమారు చేస్తే చాలు, పిచ్చుక బి లో కూర్చోవచ్చు. చెప్పడానికి అంతే. ఒక చీటీ పీకితే సైన్సు చీటీ గాల్లో వేలాడుతుంది, దాన్నెక్కడో గుచ్చితే భాషల చీటీ ఊడుతుంది. ఒక పిల్ల కోసం ఇదంతా కదపనని ఆయన తేల్చేశాడు.

"ఒక పిల్ల కాదు మాస్టారూ, ఇద్దరు" అంది చెల్లెలు.

ఆయన అడిగిన మూల్యం భోజనాల గంటలో గ్రౌండు డ్యూటీ. ఎండలో, వానలో పిల్లలు కొట్టుకోకుండా చూస్తూ తిరగడం. ఏడాదంతా అది తన మీదే వేసుకుంది. చీటీలు కదిలాయి. ఇప్పుడది అన్నం నిలబడి తింటోంది.

దానితోపాటు లిఫ్టు మెకానిక్కుకు ఒక షరతు పెట్టింది. ఎవరి పుస్తకం వాళ్లకుండాలి. ఆయన గ్రీజు మరకల డ్రస్సులు ఇవ్వడానికి మా షాపుకొచ్చినప్పుడు నా దగ్గర మొర పెట్టుకున్నాడు.

"ఒకే ఇంట్లో రెండు ఒకటే పుస్తకాలెందుకండీ? మీ చెల్లెలుగారికి కాస్త చెప్పండి."

"మీ ఇంట్లో చెప్పులెన్ని జతలండీ?" అన్నాను.

ఆయన కాసేపు కళ్లార్పి, నవ్వి, రసీదు జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం కొన్నాడు.

పిచ్చుక బి లోకి వెళ్లింది. మొదటి వారంలోనే ఒక లెక్క రాక, జీవితంలో మొదటిసారిగా మొహం మాడ్చుకుని కూర్చుందట. మర్నాడు అదే లెక్క చేసుకొచ్చింది. ఉంటుందో తిరిగొస్తుందో పరీక్షలయ్యాక చూస్తామని చెల్లెలు అంటోంది. ఎ లో ఉన్న పెద్దపిల్ల పెద్ద వింతలేమీ చెయ్యలేదు. చిన్న పరీక్షల్లో మార్కులు మధ్యస్థంగానే వచ్చాయి. అయితే ఒకరోజు క్లాసులో లేచి, "సార్, అంతకుముందు మెట్టు మళ్లీ చెప్పండి" అని అడిగిందని ఆ సారు స్టాఫ్ రూములో అన్నాడట. ఆ మాట నాకు చెప్పడానికి మా చెల్లెలు వానలో తడుస్తూ వచ్చింది.

ఆ రోజే తల తుడుచుకుని, టీ తాగి, స్టూలు మీద కూర్చుని ఎనిమిదో క్లాసు లెక్కల పుస్తకం తీసింది. పిచ్చుకకు ఆ వారం ఏం చెబుతున్నారో చూసుకోవాలట. పుస్తకం ఇస్త్రీ బల్ల మీద, మా ఇద్దరి మధ్యా పెట్టింది. వాన వల్ల షాపుకు ఎవరూ రావడం లేదు. నేను ఊరికే అటు తొంగిచూశాను. ఒక లెక్క కంటపడింది. నీళ్ల ట్యాంకు, రెండు గొట్టాలు, ఒకటి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది. ఈ దరిద్రపు ట్యాంకు ఇంకా నిండలేదా అనుకుంటూ చదవడం మొదలుపెట్టాను. సగానికి వచ్చాను. చెల్లెలి వేలు పేజీ మూలకు పోయింది, కాగితం పైకి లేచింది.

వేలు అక్కడే ఆగింది.

"అయిందా అక్కా?" అంది.

నేను తలెత్తలేదు.

"ఇంకా లేదు. ఆగు" అన్నాను.

అది కాగితం వదిలేసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.